ఒకటో అంశం వర్తించదు

"ఇకమీదట మన శాఖలో బరువు అనే మాటే వినబడదు," అని సరఫరాల మంత్రిగారు సోమవారం పొద్దున పది గంటలకు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ముప్పై ఏళ్ళుగా ఆ శాఖలో బరువులెత్తుతున్న బాబాయ్ కూడా చప్పట్లు కొట్టాడు. మాట వినబడకపోయినా నడుంనొప్పి ఉంటుందేమోనని అతనికి చిన్న అనుమానం వచ్చింది గానీ, ప్రారంభోత్సవాల్లో అనుమానాలు రాకూడదు కాబట్టి మింగేశాడు.

బాబాయ్ ప్రభుత్వ మందుల డిపోలో డ్రైవరు. అతనికి పేరు లేకపోలేదు. హాజరు పట్టీలో భద్రంగా ఉంది. బయట మాత్రం డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ బాబాయే. ఆవేళ అతను కొత్త ఎలక్ట్రిక్ లిఫ్ట్ ట్రక్కు పక్కన, ఇస్త్రీ చొక్కాలో, నిలబడమన్న చోట నిలబడి ఉన్నాడు. శాఖ ఇలాంటి బళ్ళు రెండు కొన్నది. ఒకటి డిపోకి, రెండోది పెద్దాసుపత్రి స్టోరుకి. ముందు ఇక్కడ ప్రారంభం, త్వరలో అక్కడ.

బండిని సరిగ్గా గోడౌన్ ద్వారంలో పెట్టించారు, ఫోటోలో డిపో బోర్డు కూడా పడాలని. బరువుతో బయటికొచ్చేటప్పుడు ఈ బండి వెనక్కి నడవాలి. అందుకని దాని వెనక భాగం అతిథుల వైపుకీ, బరువెత్తే ఇనప కొమ్ములూ, వాటి మీద ఛాతీ ఎత్తున పేర్చిన అట్టపెట్టెలూ లోపలి వైపుకీ ఉన్నాయి. బండికి అటూ ఇటూ చెయ్యి దూరేంత సందు. గోడౌన్‌కి ఇంకో ద్వారం లేదు, దొంగల భయం వల్ల.

మంత్రిగారు బండి చుట్టూ గంభీరంగా ఓ చూపు చూసి, "బటన్ ఏది?" అన్నారు.

డైరెక్టరు బాబాయ్ వైపు చూశాడు.

"బటన్ ఉండదండీ. తాళం చెవితోనే. స్టార్ట్ చేసే ఉంచాను, మీరు ఊఁ అంటే నడిపేస్తాను," అన్నాడు బాబాయ్.

"బటన్ లేకపోతే నేను ప్రారంభించేది ఏంటయ్యా?"

న్యాయమైన ప్రశ్నే. పదకొండేళ్ళ ప్రజాసేవలో మంత్రిగారు బటన్ నొక్కకుండా దేన్నీ ప్రారంభించలేదు. ఓ వంతెనని కూడా బటన్ నొక్కే ప్రారంభించారు. ఆ బటన్‌కీ వంతెనకీ మధ్య వైరు లేదని గిట్టనివాళ్ళు అన్నారు గానీ, నొక్కిన మరుక్షణం జనం వంతెన మీద నడవడం మొదలుపెట్టారా లేదా?

అంతలో మంత్రిగారికే కనిపించింది. సీటు పక్కన, పసుపుపచ్చ చట్రం మీద, అరచేతినిండా వచ్చేంత ఎర్రటి బటన్. నిగనిగలాడుతోంది.

"ఇంత బటన్ పెట్టుకుని లేదంటావేంటయ్యా!"

"సార్, అది..." అన్నాడు బాబాయ్.

మంత్రిగారు నొక్కారు. కెమెరాలు మెరిశాయి. అప్పటిదాకా సన్నగా రొద పెడుతున్న బండి ఊరుకుంది. దీపాలారిపోయాయి. కిందెక్కడో టక్కుమంది. మంత్రిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆలకించారు.

"విన్నారా? చప్పుడే లేదు! డీజిల్ బండైతే ఈపాటికి మన చెవులు చిల్లులు పడేవి."

అందరూ ఆలకించారు. నిజంగానే చప్పుడు లేదు. పొగ కూడా లేదు. చప్పట్లు రెండింతలయ్యాయి. వెనక వరసలో ఓ విలేఖరి, "కదలదా సార్?" అని అడిగాడు.

"కదలకపోవడానికి మించిన భద్రత ఏముంది?" అని మంత్రిగారు బిస్కెట్ల వైపు నడిచారు. ఆవరణ చివర షెడ్డులో నిలబెట్టిన ముసలి డీజిల్ బండికి అదే నిమిషంలో రిటైర్మెంటు ప్రకటించారు.

అతిథులు వెళ్ళాక డైరెక్టరు మనుషుల్ని పిలిచి బండిని తోయమన్నాడు. పన్నెండుమంది తోశారు. బండి చెక్కు చెదరలేదు. అప్పటికి బాబాయ్‌కి మాట్లాడే వంతు వచ్చింది.

"ఎంత తోసినా కదలదు సార్. కరెంటు ఆగగానే దీని బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. మంత్రిగారు నొక్కింది ప్రమాదం వస్తే బండిని ఆపే బటన్. కుడివైపు తిప్పి పైకి లాగితే చాలు, మళ్ళీ నడుస్తుంది. లాగమంటారా?"

డైరెక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరికైనా చెప్పావా ఈ సంగతి?"

"చెప్పడమెందుకు సార్, బటన్ చుట్టూ రాసే ఉంది."

డైరెక్టరు వంగి చదివాడు. 'అత్యవసర నిలుపుదల' అని చిన్న అక్షరాల్లో ఉంది. అతను సమర్థుడు, ఆ విషయంలో రెండో మాట లేదు. అయిదు నిమిషాల్లో ఆ అక్షరాల మీద 'శుభారంభం' అని స్టిక్కరు అంటించాడు. పది నిమిషాల్లో బటన్‌కి వాచ్‌మన్‌ని కాపలా పెట్టాడు.

"మంత్రిగారు స్వహస్తాలతో నొక్కిన బటన్, బాబాయ్. రేపు అన్ని పేపర్లలో వస్తుంది. దాన్ని నువ్వు పైకి లాగుతావా? లాగితే అర్థం ఏంటి? ప్రారంభోత్సవం రద్దయినట్టేగా?"

"మరి లోపల సరుకు సార్?"

"లోపలే ఉంది కదా. ఎక్కడికి పోతుంది?"

ఆ మాట బాబాయ్‌కి గుండెలో దిగింది. కొమ్ముల మీదున్న అట్టపెట్టెల్లో ఉన్నవి డయాలిసిస్ సంచులు. మూత్రపిండాలు మొరాయించినవాళ్ళు ఆ మందునీళ్ళని రోజుకి నాలుగుసార్లు కడుపులోకి ఎక్కించుకుని, కొన్ని గంటలాగి దించేసుకోవాలి. బయట షాపుల్లో దొరకవు. డిపో నుంచి పెద్దాసుపత్రి స్టోరుకి వెళ్తాయి, అక్కడ చీటీ చూసి ఇస్తారు. స్టోరులో ఖాళీ అయిపోయి వారమైంది. ఈ లోడు కోసమే అందరూ చూస్తున్నారు. ఆ అందరిలో బాబాయ్ అక్క ఒకతె.

తల్లి పోయినప్పుడు బాబాయ్‌కి ఆరేళ్ళు, అక్కకి పదహారు. తర్వాత ఆవిడ లెక్కల టీచరుగా చేరి, తమ్ముణ్ణి పెంచి, ఆ ధ్యాసలో పడి పెళ్ళి సంగతే మర్చిపోయింది. ఇప్పుడు రిటైరై తమ్ముడి ఇంట్లో ముందుగదిలో ఉంటోంది. సాయంత్రం అతను చెప్పిందంతా విని, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్, ఆపే బటన్ నొక్కి మొదలుపెట్టాడా! ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఇలాంటి బుర్ర నాకు ఒక్కటీ తగల్లేదురా."

"నవ్వకక్కా. ఎన్ని సంచులున్నాయి?"

"రాత్రిది పోగా ఎనిమిది. రేపు నాలుగు, ఎల్లుండి నాలుగు. బుధవారం రాత్రికి సున్నా. రెండు రోజుల్లో ఓ బటన్ పైకి లేవకపోతుందా?"

బాబాయ్ లేచి సంచులు మళ్ళీ లెక్కపెట్టాడు. అతను ప్రభుత్వంలో ముప్పై ఏళ్ళు చేశాడు.

మంగళవారం పొద్దున పేపర్లలో మొదటి పేజీలో ఫోటో వచ్చింది. ఎర్ర బటన్ మీద మంత్రిగారి వేలు, వేలికి పైన చిరునవ్వు. ఫోటో అంచున, కోసేయగా మిగిలిన బాబాయ్ మోచెయ్యి. అక్క కత్తెర తీసుకుని ఆ మోచేతిని జాగ్రత్తగా కత్తిరించి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది. "మా తమ్ముడు పేపర్లో పడటం ఇదే మొదటిసారి," అంది.

ఆఫీసులో డైరెక్టరు హుషారుగా ఉన్నాడు. రాత్రంతా బండితో వచ్చిన పుస్తకం చదివాడట. బల్ల మీద ఓ పేజీ తెరిచి పెట్టాడు. 'చెడిపోయిన ఎలక్ట్రిక్ లిఫ్ట్ ట్రక్కును సురక్షితంగా లాగు విధానం.'

"దొరికింది బాబాయ్! బటన్ జోలికి పోనక్కర్లేదు. బండిని లాగేద్దాం. పద్ధతిగా, పుస్తకం ప్రకారం, భద్రంగా. ఒక్క మాట మార్చాలి, అంతే. 'చెడిపోయిన' అనకూడదు. కొత్త బండి, మంత్రిగారు ప్రారంభించిన బండి, ఎలా చెడిపోతుంది? 'విశ్రాంతిలో ఉన్న' అందాం."

పుస్తకంలో పదకొండు అంశాలున్నాయి. ఒక్కొక్కటే ఎదురుగా టిక్కు పెట్టి, కింద లాగే నిపుణుడు సంతకం చేయాలి. నిపుణుడంటే బాబాయే. లాగడం సంగతి డిపోలో తెలిసినవాడు అతనొక్కడే. బాబాయ్ కళ్ళజోడు తగిలించుకుని మొదటి అంశం చదివాడు. 'లాగుటకు ముందు, అత్యవసర నిలుపుదల బటన్ నొక్కి ఉన్నదేమో చూడవలెను. నొక్కి ఉన్నచో పైకి తీయవలెను. బండి దానంతట అదే నడుచును. లాగనవసరము లేదు.'

"చూశారా సార్, వాళ్ళే రాశారు!"

"అది ఒకటో అంశం. అది విధానపరమైన విషయం, మన స్థాయి కాదు. మనం రెండో అంశం నుంచి మొదలుపెడదాం. ఒకటో అంశం ఎదురుగా 'వర్తించదు' అని రాసి సంతకం పెట్టు."

"వర్తించదని ఎలా రాయను సార్? వర్తించేది అదొక్కటేగా!"

"అయితే నీ ఇష్టం. ఫైలు పైకి పంపిస్తాను. వాళ్ళు ఏదో ఒకటి తేలుస్తారు, ఓ నెలకో, రెణ్ణెల్లకో."

బాబాయ్ పేజీ అక్కడ పెట్టేసి గోడౌన్ దగ్గరికి వెళ్ళాడు. వాచ్‌మన్ స్టూలు వేసుకుని బటన్‌కి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

"ఒక్క నిమిషం మొహం అటు తిప్పుకోరా."

"తిప్పుకునేవాణ్ణే బాబాయ్. పొద్దుట్నించి నేను కూడా అదే అనుకుంటున్నా. కానీ నా డ్యూటీ కాగితం మీద 'బటన్ స్థితికి వ్యక్తిగత బాధ్యుడు' అని రాశారు. ఇద్దరు పిల్లలున్నారు."

మధ్యాహ్నం బాబాయ్ ఇంటికి వెళ్ళాడు. అక్క మంచం మీద కాళ్ళు చాపుకుని ఏదో పజిలు నింపుతోంది. మూలనున్న సంచులు లెక్కపెట్టాడు. ఏడున్నాయి. ఈపాటికి ఆరే ఉండాలి.

"ఒకటి మానేశావా?"

"మానలేదురా, వాయిదా వేశాను. మీ శాఖ మాటే."

బాబాయ్ కింద కూర్చుని ఆవిడ పాదం చేతిలోకి తీసుకున్నాడు. ఉబ్బిపోయి ఉంది. వేలితో నొక్కి చూశాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది, పైకి రాలేదు. అతనికి ఒళ్ళు మండిపోయింది. మంత్రి మీదో, డైరెక్టరు మీదో, తన మీదో తెలియలేదు. చిన్నప్పుడు తన మోకాళ్ళకి తగిలిన దెబ్బలన్నీ కడిగిన చెయ్యి తల నిమురుతుంటే ఏడుపొచ్చింది. లేచి ముఖం కడుక్కుని, అన్నం కూడా తినకుండా ఆఫీసుకి వెళ్ళి, ఒకటో అంశం ఎదురుగా 'వర్తించదు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు.

"ఇంక లాగనివ్వండి సార్. ఇప్పుడే లాగేస్తాను, గంట పని."

"భలేవాడివే! మంత్రిగారి చెవిన వేశాను. లాగుడు అనగానే ఆయన ముచ్చటపడిపోయారు. 'ప్రారంభించడం ఎవరైనా చేస్తారు, లాగడం గొప్ప' అన్నారు. రేపు పదింటికి స్వయంగా వచ్చి ముందుండి లాగిస్తారట. ఈ విధానం అన్ని ఆఫీసులకీ పంపమన్నారు. నీ సంతకంతో సహా ఇవాళే అచ్చుకి వెళ్తుంది. నిపుణుడివైపోయావు బాబాయ్!"

బుధవారం డిపో ముందు షామియానా లేచింది. 'సురక్షిత లాగుడు: ఒక ముందడుగు' అని బ్యానరు కట్టారు. లాగే బండి లాగబడే బండి కన్నా బరువుగా ఉండాలి, బ్రేకులు గట్టివి ఉండాలి అని మూడో అంశం. అలాంటిది డిపోలో ఒక్కటే ఉంది. కాబట్టి సోమవారం రిటైరైన డీజిల్ బండిని మళ్ళీ పిలిపించారు. అది దగ్గుతూ, పొగలు కక్కుతూ వచ్చి తన వారసుడి ముందు నిలబడింది.

తర్వాత అరగంట బాబాయ్‌ది. ఆ అరగంటలో అతను ఎవరి మాటా వినలేదు. చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టించాడు. సీటెక్కి, కరెంటు లేకుండా బరువు దించే వాల్వుని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పాడు. అట్టపెట్టెల కిందున్న చెక్క బల్ల నేలకి ఆనిన క్షణాన కట్టేశాడు. ఇంకొంచెం దిగితే కొమ్ములు నేలని గీకుతాయి. బ్యాటరీ వైరు విడదీశాడు. లాగడానికి తాడు, గొలుసు వద్దన్నాడు, ఆగేటప్పుడు వెనక బండి వచ్చి ముందు బండిని గుద్దుతుంది కాబట్టి. రెండు బళ్ళకీ మధ్య ఇనప కడ్డీ బిగించి పిన్ను పెట్టాడు. ఆ తర్వాతే బ్రేకు మీది రెండు బోల్టులు సమానంగా వదులు చేశాడు. ఇనప బండి మొత్తం చిన్నగా నిట్టూర్చినట్టు కదిలింది. ఆ పని చూస్తుంటే, బటన్ సంగతి తెలిసినవాళ్ళకి కూడా అది అవసరమైన పనే అనిపించింది.

మంత్రిగారు ముచ్చటపడి, ఫోటో కోసం ఆ కడ్డీ మీద చెయ్యి వేశారు.

"చెయ్యి తియ్!" అని అరిచాడు బాబాయ్.

పదకొండేళ్ళలో మంత్రిగారిని అలా అన్నవాళ్ళు లేరు. ఆయన చెయ్యి తీశారు. డైరెక్టరు ఒక్క గెంతులో మైకు అందుకున్నాడు. "కడ్డీ మీద చెయ్యి వేయకూడదని ఎనిమిదో అంశం. వేస్తే ఎలా ఉంటుందో మంత్రిగారు స్వయంగా వేసి చూపించారు!" చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఇంకోసారి వేసి, ఇంకోసారి తీశారు.

మనిషి నడక కన్నా వేగంగా లాగరాదని తొమ్మిదో అంశం. ఆ మనిషిని నేనే అన్నారు మంత్రిగారు. ఆయన ముందు నడిచారు, వెనక డీజిల్ బండి, దాని వెనక ఎలక్ట్రిక్ బండి. దాని సీట్లో బాబాయ్. కరెంటు లేక బిగుసుకుపోయిన స్టీరింగుని రెండు చేతులా తిప్పుతూ చెమటలు కక్కుతున్నాడు. మంత్రిగారు కెమెరా కనబడ్డప్పుడల్లా ఆగారు. ఆగినప్పుడల్లా దిమ్మలు పెట్టాలి, కదిలినప్పుడల్లా తీయాలి. చేరవలసిన షెడ్డు రెండొందల అడుగుల దూరంలో ఉంది. చేరేసరికి పన్నెండున్నర అయింది. బాబాయ్ దిమ్మలు పెట్టి, బ్రేకు బోల్టులు మళ్ళీ బిగించి, ఆ తర్వాతే కడ్డీ విప్పాడు. ఒక్క గీత పడలేదు, ఒక్కరికి దెబ్బ తగల్లేదు. పుస్తకం రాసినవాళ్ళు చూస్తే చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు.

"నడిచే బండిని ఎవరైనా నడుపుతారు," అన్నారు మంత్రిగారు మైకులో. "నడవని బండిని నడిపించడమే పరిపాలన." తర్వాత గడియారం చూసుకుని, "ఇంకో కార్యక్రమం ఉంది," అని కారెక్కారు.

బాబాయ్‌కి ఉపన్యాసం చెవికెక్కలేదు. ద్వారం ఖాళీ అయింది, అంతే చాలు. చేతి బళ్ళతో సరుకు బయటికి లాగించి, లారీకెత్తించి, తనూ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అక్కకి ఫోన్ చేశాడు. "బయల్దేరాం. స్టోరులో దించగానే నీ పెట్టెలు తీసుకుని వచ్చేస్తా. ఎన్నున్నాయి?"

"రెండు. తొందరపడకు, జాగ్రత్తగా రా," అంది. గొంతు ఆయాసంగా ఉంది.

నాలుగున్నరకి లారీ పెద్దాసుపత్రి వెనక స్టోరు ముందు ఆగింది. నేల మీద కత్తిరించిన రిబ్బను ముక్కలు, కాగితం కప్పులు, బిస్కెట్ల పొడి. స్టోరు ద్వారంలో, వెనక భాగం బయటికి పెట్టి, కొత్త ఎలక్ట్రిక్ లిఫ్ట్ ట్రక్కు. ఏమాత్రం చప్పుడు లేదు. పొగ లేదు.

బాబాయ్ లారీ తలుపు పట్టుకుని దిగాడు.

స్టోరు చూసే అమ్మాయి చేతిలో కొత్త పుస్తకంతో ఎదురొచ్చింది. "డిపో లోడా అండీ? అయ్యో, అరగంట ముందొస్తే లోపలికి వెళ్ళిపోయేది. మంత్రిగారు ఇప్పుడే ప్రారంభించి వెళ్ళారు."

"ఎర్ర బటన్ నొక్కారా?"

"మీకెలా తెలుసు? ఏం కంగారు లేదండీ. విశ్రాంతిలో ఉంది, లాగుతాం. వచ్చే వారం గురువారానికి మంత్రిగారు టైమిచ్చారు."

"గురువారమా! అమ్మా, లారీలో డయాలిసిస్ సంచులున్నాయి. మా అక్కకి ఇవాళ్టికే ఉన్నాయి. చీటీ ఇదిగో. లారీలోంచే రెండు పెట్టెలు ఇచ్చెయ్యండి."

ఆ అమ్మాయి చెడ్డది కాదు. చీటీ చూసింది, ముఖం చిన్నబుచ్చుకుంది. "స్టోరులోకి ఎక్కని సరుకు స్టోరులోంచి ఎలా ఇస్తానండీ?"

"పోనీ ఆ బటన్ తిప్పి పైకి లాగమ్మా. బండి నడుస్తుంది."

"నాకూ అదే అనిపించిందండీ. దాని చుట్టూ ఏదో రాసుంటే చదవబోయాను, స్టిక్కరు అంటించేశారు. కానీ ఈ పుస్తకం చూడండి." పేజీ తెరిచి వేలు పెట్టి చదివింది. "'ఒకటో అంశం: వర్తించదు.' కింద నిపుణుడి సంతకం కూడా ఉంది. అంతటి మనిషి వర్తించదని రాశాక, నేనెవర్ని?"

సంతకం గుండ్రంగా, పొందిగ్గా ఉంది. బాబాయ్‌కి తన చేతిరాత మీద ఎప్పుడూ అంత అసహ్యం వేయలేదు. అక్క ప్రాణం కోసమని పెట్టిన సంతకం, అక్క ప్రాణానికే అడ్డంగా కూర్చుంది.

"ఆ నిపుణుణ్ణి నేనే."

ఆ అమ్మాయి అతని చెమట చొక్కా వైపు జాలిగా చూసింది. "ఆయన ఫోటో అట్ట మీద ఉందండీ."

అట్ట మీద మంత్రిగారి వేలు, చిరునవ్వు ఉన్నాయి. బాబాయ్ అంచు చూపించాడు. "ఈ మోచెయ్యి నాది."

ఆ అమ్మాయి మోచేతిని చూసింది. ఫోటోని చూసింది. "కావచ్చండీ. కానీ మోచేతుల మాట మీద బటన్లు ఎత్తలేం కదా."

బాబాయ్ చీటీ జేబులో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఎవరి అనుమతీ అడగలేదు. బండి దగ్గరికి నడిచి, సీటెక్కి, ఎర్ర బటన్‌ని కుడివైపు తిప్పి పైకి లాగాడు. తాళం చెవి తిప్పాడు. దీపాలు వెలిగాయి. బండి సన్నగా రొద పెట్టింది.

"అయ్యో, ఏం చేశారండీ!" అని ఆ అమ్మాయి పుస్తకం గుండెకి హత్తుకుంది.

బాబాయ్ బండిని ద్వారంలోంచి బయటికి తీసి, లారీ వైపు తిప్పి, కొమ్ములు చాచాడు. నలభై నిమిషాల్లో లోడు మొత్తం లోపలికెక్కింది. అప్పుడు దిగి, వరసలో నిలబడి, చీటీ ఇచ్చి, సంతకం పెట్టి, రెండు పెట్టెలు తీసుకున్నాడు. ఆ అమ్మాయి పెట్టె ఒకటి తనే మోసుకొచ్చి ఆటోలో పెట్టింది. ఆ రాత్రి అక్క నాలుగో సంచి ఎక్కించుకుని, పజిలు పూర్తి చేసి పడుకుంది.

శుక్రవారం డైరెక్టరు గదిలో బాబాయ్ నిలబడి ఉన్నాడు. బల్ల మీద సస్పెన్షన్ కాగితం సగం టైపు చేసి ఉంది. తలుపు దగ్గర వాచ్‌మన్.

"మంత్రిగారి ప్రారంభోత్సవాన్ని ఎత్తేశావు. నిన్ను ఊరికే వదలను," అని డైరెక్టరు కలం తీశాడు. "ఏం రాద్దాం? 'ఈ డ్రైవరు బటన్‌ని పైకి ఎత్తాడు.' బాగుంది. ఎత్తాడంటే... అంతకుముందు నొక్కి ఉండాలి." కలానికి మూత పెట్టాడు. "నొక్కిందెవరు అని పైనుంచి అడుగుతారు."

"మంత్రిగారు," అన్నాడు వాచ్‌మన్, సాయం చేద్దామని.

"నువ్వు బయటికి పో!"

డైరెక్టరు చాలాసేపు తల పట్టుకున్నాడు. బాబాయ్ ఎత్తాడంటే మంత్రిగారు ఆపినట్టు. మంత్రిగారు ఆపలేదంటే బాబాయ్ ఎత్తనట్టు. కానీ ఓ ఆసుపత్రి మొత్తం బండి నడవడం కళ్ళారా చూసింది. చివరికి ఇలాంటప్పుడు సమర్థులందరూ చేసే పనే చేశాడు. విచారణ వేశాడు. సాంకేతిక విషయం కాబట్టి విచారణ జరిపే అర్హత శాఖలో ఒక్కరికే ఉంది. అచ్చయిన పుస్తకమే దానికి సాక్ష్యం.

"బాబాయ్, ఈ నివేదిక నువ్వే రాయాలి," అని కాగితం అతని వైపు జరిపాడు. గొంతు మెత్తబడింది.

బాబాయ్ నివేదిక ఇంటికి తీసుకెళ్ళాడు. అక్క కళ్ళజోడు తగిలించుకుని ప్రశ్నలు పైకి చదివింది. పాదాల వాపు సగానికి తగ్గింది, వెటకారం మొత్తం తిరిగొచ్చింది. "'ఒకటో ప్రశ్న: సంఘటనకు ముందు బటన్ నొక్కి ఉన్నదా, పైకి ఉన్నదా?' ఏం రాస్తావురా?"

"వర్తించదు," అని రాశాడు బాబాయ్.

"'రెండో ప్రశ్న: బండి కదలుటకు బాధ్యులెవరు?'"

బాబాయ్ కొంచెం ఆలోచించి, "మంత్రిగారి స్ఫూర్తి," అని రాశాడు.

"'నిపుణుని ఫోటో ఇచ్చట అంటించవలెను.'"

అక్క కళ్ళజోడు పెట్టె తెరిచింది.

సోమవారం నివేదిక మంత్రిగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన రెండుసార్లు చదివి, ఎంతో సంతోషించి, దాన్ని యథాతథంగా ఆమోదించారు. మోచేతితో సహా.